మాటలేని సగము

మనుష్యుని తెలివిని కొలుచుటకు లోకము వాడెడి కొలపాత్రలలో మాట మొదటిది. చక్కగా మాటలాడువానిని బుద్ధిమంతుడందుము. తడబడువానిని మందుడందుము. అసలే మాటలాడనివారిని గూర్చి వారి యెదుటనే, వారచ్చట లేనట్లు, మాటలాడుకొందుము. వైద్యుడు వృద్ధురాలి నాడి చూచుచు "ఏమి బాధమ్మా?" యని యడుగును, ప్రక్కనున్న కుమారుడు జవాబు చెప్పును. పెండ్లిచూపులలో పిల్ల యిష్టమును తండ్రి చెప్పును. ఇది మర్యాదయని కొందరు, సౌకర్యమని కొందరు తలంతురు. కాని దీనికి అడుగున ఒక నమ్మకము దాగియున్నది: మాట లేనిచోట తెలివియు లేదు, తెలివి లేనిచోట ఇష్టానిష్టములు నుండవు అని. ఈ నమ్మకము న్యాయమైనదేనా? ఈ ప్రశ్నకు ఒక మస్తిష్కశాస్త్రజ్ఞుని జీవితమునుండి సమాధానము వెదకుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. అంతకు ముందు నా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది.

మా మేనత్త చిన్ననాడే భర్తను గోల్పోయి మా యింటనే యుండి మమ్ములనందరను పెంచినది. ఆమెకు పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద వ్రాసియిచ్చిన రెండెకరముల మాగాణి కలదు. అరువదియేండ్లు దాటిన పిమ్మట ఒకనాటి తెల్లవారుజామున ఆమెకు పక్షవాతము వచ్చెను. కుడికాలును కుడిచేయియు చచ్చుబడెను. వానితోపాటు మాటయు పోయెను. ఏమడిగినను ఒకే శబ్దము వెలువడెడిది. రెండు మాసములు గడచినవి. ఆ భూమి నమ్మవలెనని యింటి పెద్దలు నిశ్చయించి, ఆమె మంచము ప్రక్కనే కూర్చుండి బేరము కుదుర్చుకొనిరి. "ఆమెకేమి తెలియును, పాపము!" అనుకొనిరి. కాగితము వచ్చినది. వ్రేలిముద్రకై ఎడమచేతిని పట్టుకొనబోగా ఆమె పిడికిలి బిగించెను. అందుచే చచ్చుబడిన కుడిచేతినెత్తి బొటనవ్రేలికి సిరా పూసిరి. అప్పుడు ఎడమచేయి మెల్లగా వచ్చి, పైటచెరగుతో ఆ సిరాను తుడిచివేసెను. మరల పూసిరి, మరల తుడిచెను. "మతి చలించినది, చిన్నపిల్లల చేష్ట" యనిరి. మూడవమారు ఆ యెడమచేతిని ఒకరు పట్టుకొనిరి, ముద్ర పడినది. సిరాపెట్టె పట్టుకొని నిలిచినవాడను నేను. అప్పటికి కళాశాలలో చదువుచున్నాను. స్త్రీలకు ఆస్తిహక్కు సక్రమముగా దక్కవలెనని సభలలో ఉపన్యసించినవాడను గూడ.

కుడిచేయియు మాటయు ఏకకాలమున పోవుటకు కారణమేమో నాకు తరువాత తెలిసినది. మన మెదడు అక్రోటుపప్పువలె రెండు అర్ధగోళములుగా నున్నది. ఎడమ అర్ధగోళము దేహముయొక్క కుడివైపును, కుడి అర్ధగోళము ఎడమవైపును నడపును. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా యను శస్త్రవైద్యుడు, దాదాపు "టాన్" అను ఒక్క శబ్దము తప్ప మరియొకటి పలుకలేని రోగిని చూచెను. అతని కుడిప్రక్కయు చచ్చుబడియుండెను. కొలదిదినములలో అతడు మరణింపగా బ్రోకా మెదడును పరీక్షించి, ఎడమ అర్ధగోళపు ముందుభాగము చెడియుండుట కనుగొనెను. అట్టి రోగులను మరికొందరిని చూచిన పిమ్మట 1865లో, మనము ఎడమ అర్ధగోళముతో మాటలాడుచున్నామని ప్రకటించెను. ఇది శాస్త్రచరిత్రలో గొప్పఘట్టము. కాని ఆ రోగిని గూర్చి బ్రోకా వ్రాసియుంచిన మరియొక విషయము కలదు. ఆసుపత్రిలో ఎన్నియేండ్లుగా నున్నావని యడుగగా, అతడు ఎడమచేతి ఐదు వ్రేళ్లను నాలుగుమారులు చాచి, పిమ్మట ఒక్కవ్రేలు చూపెను. ఇరువదియొక సంవత్సరములు, లెక్క సరిగానున్నది. లోకము మాటయొక్క స్థానమును జ్ఞాపకముంచుకొని, లెక్క చెప్పిన యెడమచేతిని మరచినది. అటుతరువాత దాదాపు నూరేండ్లు వైద్యగ్రంథములలో ఎడమ అర్ధగోళమునకు "ప్రధానము" అనియు, కుడిదానికి "అప్రధానము" అనియు పేర్లు నిలిచిపోయినవి. ఒకరు యజమాని, ఒకరు ఊడిగపువారు. మాటలాడువాడు యజమాని.

ఈ యేర్పాటును తలక్రిందులు చేసినవారిలో ముఖ్యుడు రోజర్ స్పెర్రీ. ఇతడు 1913లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున హార్ట్‌ఫర్డ్ నగరములో జన్మించెను. పదునొకండవయేట తండ్రి మరణింపగా తల్లి ఉన్నతపాఠశాలలో ప్రధానోపాధ్యాయునికి సహాయకురాలుగా పనిచేయసాగెను. స్పెర్రీ ఓబర్లిన్ కళాశాలలో 1935లో ఆంగ్లసాహిత్యమునందు పట్టము పొందెను; 1937లో మనస్తత్త్వశాస్త్రమున ఎం.ఏ.; 1941లో చికాగో విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రమునందు డాక్టరు పట్టము. సాహిత్యము, మనస్సు, జంతుదేహము, ఈ మూడుత్రోవలు కలిసినచోట అతని జీవితకార్యమున్నది.

మొదటి పని గురువులతో వాదము. చికాగోలో అతని యాచార్యుడు పాల్ వైస్. నరములు ఒకదానికి మారుగా మరియొకటి పనిచేయగలవనియు, ఏ నరమును ఎచ్చట అతికించినను దేహము సర్దుకొనుననియు ఆకాలమున చాలమంది నమ్మిరి. స్పెర్రీ ఎలుకల వెనుకకాళ్ల నరములను కుడియెడమలు మార్చి కలిపెను. ఒక కాలికి నొప్పి కలిగించిన, అది రెండవకాలిని ఎత్తెడిది. ఎంతకాలము గడచినను ఆ తప్పు దిద్దుకొనలేదు. ఉభయచరముల కంటిగ్రుడ్డును తలక్రిందులుగా త్రిప్పియమర్చెను. కంటినరము మరల పెరిగినది, చూపు వచ్చినది. కాని పైన పురుగు కనబడిన ఆ జంతువు క్రిందికి దుముకుచుండెను. ప్రతి నరతంతువునకును తాను చేరవలసిన గమ్యము పుట్టుకతోనే నిర్ణయమైయున్నదని దీనివలన తేలినది. పిమ్మట కార్ల్ లాష్లీ యను మరియొక మహాపండితుని పరిశోధనాలయమున చేరి, ఆయన సిద్ధాంతములను గూడ అట్లే పరీక్షకు పెట్టెను. గురువుయెడ భక్తియనగా గురువుమాటను పరీక్షింపకుండుట కాదని ఇతని చరిత్ర మనకు నేర్పును. 1949లో క్షయ సోకి ఆరోగ్యాశ్రమమున పండుకొనియున్నప్పుడు సయితము మెదడునకును మనస్సునకును గల సంబంధమును గూర్చియే ఆలోచించుచుండెను. 1954లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడయ్యెను.

రెండు అర్ధగోళముల నడుమ ఇరువది కోట్ల తంతువులతో కూడిన దట్టమైన వంతెనయొకటి కలదు. దేహములో ఇంత పెద్ద తంతుసముదాయము వేరొకటి లేదు. అయినను దాని ప్రయోజనమేమో 1950 నాటికి ఎవరును చెప్పలేకపోయిరి. 1940 ప్రాంతమున మూర్ఛరోగులకు ఆ వంతెనను ఖండించి చూచినను వారిలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. రెండు సగములు జారిపడకుండ పట్టియుంచుటకే అది యున్నదని లాష్లీ పరిహాసమాడెడివాడు. స్పెర్రీయు అతని శిష్యుడు రొనాల్డ్ మయర్సును పిల్లులలో ఈ వంతెనను, దానితో కంటినరములు పెనగొను చోటును ఖండించి, ఒక కంటికి మాత్రమే పాఠము నేర్పిరి. ఆ కన్ను మూసి రెండవకన్ను తెరచిన, పిల్లి ఆ పాఠమును ఎన్నడును విననట్లే మొదటినుండి నేర్చుకొనవలసివచ్చెను. ఒక దేహములో ఇద్దరు విద్యార్థులు. ఒకరి పాఠము రెండవవారికి తెలియదు.

1962లో లాస్ ఏంజిలిస్ నగరమున జోసెఫ్ బోగెన్, ఫిలిప్ వోగెల్ అను శస్త్రవైద్యులు, తీవ్రమైన మూర్ఛలతో బాధపడుచున్న ఒక మాజీ సైనికునికి ఈ వంతెనను ఖండించిరి. మూర్ఛలు తగ్గినవి. మాట, నడవడి, తెలివి ముందటివలెనే యుండెను. అప్పుడు స్పెర్రీయు అతని శిష్యుడు మైకేల్ గజానిగాయు అతనిని పరీక్షింపసాగిరి. రోగి తెరమధ్యనున్న చుక్కను చూచుచుండవలెను. చుక్కకు ఎడమప్రక్కన ఒక చిత్రమును సెకనులో పదియవవంతు కాలము మాత్రము చూపుదురు. కన్ను త్రిప్పుటకు వ్యవధి లేదు గనుక ఆ చిత్రము కుడి అర్ధగోళమునకే చేరును. "ఏమి చూచితివి?" అని యడిగిన, రోగి "ఏమియు చూడలేదు" అనును. కాని కనబడకుండ మరుగుననుంచిన వస్తువులను ఎడమచేతితో తడుముమనిన, ఆ చేయి చెంచాచిత్రము చూపిన చెంచానే యెత్తును. నోరు చూడలేదనినది, చేయి చూచితిననినది. అబద్ధమాడినవారెవరు? ఎవరును కారు. మాటలాడిన సగము నిజముగా చూడలేదు. చూచిన సగమునకు నోరు లేదు.

"కీరింగ్" అను ఆంగ్లపదమును "కీ" ఎడమకును "రింగ్" కుడికిని పడునట్లు చూపిరి. రోగి నోరు "రింగ్", అనగా ఉంగరమనెను. ఎడమచేయి తాళపుచెవిని పట్టుకొనెను. రంగుదిమ్మెలను పేర్చి నమూనావలె చేయుమనిరి. ఎడమచేయి చకచక పేర్చెను. చదువును వ్రాతయు నెరిగిన కుడిచేయి తడబడెను. అది తడబడుట చూచి ఎడమచేయి సాయమునకు వచ్చుచుండగా, దానిని పట్టి యాపవలసివచ్చినది. ఈ సంగతి చదివిననాడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని.

ఆ పరిశోధనలు పెరిగినకొలదియు కుడి అర్ధగోళము ఊడిగపుది కాదని తేటపడినది. అది సులభమైన పదములను గ్రహించును. ఆకారములను, స్థలములను పోల్చుకొనును. 1972లో జెర్రీ లెవీ, కోల్విన్ ట్రెవార్దెన్, స్పెర్రీ చేరి, ఇద్దరి ముఖముల సగములను అతికించిన చిత్రములను చూపిరి. నోటితో చెప్పుమనిన రోగి కుడిప్రక్క సగములోని మనుష్యునిని చెప్పెను. చేతితో చూపుమనిన ఎడమప్రక్క సగములోని వానిని చూపెను. ముఖములను గుర్తించుటలో మాటలేని సగమే ముందంజ వేసినది. కంఠస్వరములోని కోపమును దయను గ్రహించుటయందును దానికి పెద్దపాలు కలదు. మాటపోయిన రోగులలో కొందరు తెలిసిన పాటను పదములతో సహా పాడగలరు. దీని నాధారము చేసికొని 1973లో బోస్టన్ వైద్యులు స్వరముద్వారా మాట నేర్పు చికిత్స నొకదానిని ప్రకటించిరి. అది యెట్లు పనిచేయునన్నదానిపై వాదము కలదు. పాడగలరన్నది మాత్రము సత్యము. మా మేనత్తయు శుక్రవారము ఆడువారు మంగళహారతి పాడునప్పుడు గొంతు కలిపెడిది. "మాటరానిదానికి పాట యెట్లు వచ్చును? ఇది నటన" యని మా యింట ఒకరనగా విని నవ్వినవారు కలరు.

స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమానములో సగము లభించినది. తక్కిన సగము హ్యూబెల్, వీసెల్ అనువారికి. కాని నీతివిచారమునకు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచిన ప్రయోగము అతని శిష్యుడు గజానిగా, జోసెఫ్ లెడూ అనువానితో కూడి 1970 తరువాతి సంవత్సరములలో చేసినది. అదేవిధమైన శస్త్రచికిత్స పొందిన ఒక బాలునికి, ఎడమ అర్ధగోళమునకు కోడికాలిని, కుడి అర్ధగోళమునకు మంచుతో కప్పబడిన యిల్లును ఏకకాలమున చూపిరి. ఎదుటనున్న బొమ్మలలో తగినవి చూపుమనగా కుడిచేయి కోడిని చూపెను. ఎడమచేయి మంచు త్రవ్వు పారను చూపెను. పార నెందులకు చూపితివని యడిగిరి. నోరుగల సగము మంచును చూడలేదు. అయినను "తెలియదు" అనలేదు. కోడిగూడు శుభ్రముచేయుటకు పార కావలెను గదా యని తడుముకొనకుండ బదులు చెప్పెను. ఆ బాలుడు మోసము చేయలేదు. తాను చెప్పినది సత్యమనియే నమ్మెను.

మాటలేనివాని చేతకు మాటగలవాడు అర్థము కల్పించును, కల్పించితినని తానెరుగడు. ఇంటికిని మెదడునకును పోలిక సంపూర్ణము కాదు. కుటుంబములోనివారు ఒకే మనుష్యునియందలి సగములు కారు. అయినను ఈ దుర్గుణము మనకు క్రొత్తది కాదు. "మతి చలించినది" అనుమాట ఎడమచేయి సిరా తుడిచిన క్షణముననే మా పెద్దల నోట వచ్చినది. ఆలోచించి చెప్పినది కాదు. అబద్ధమని తెలిసి చెప్పినదియు కాదు. నేనును చాలయేండ్లు, వైద్యపుఖర్చులకే గదా అమ్మితిమి, ఆమె మేలునకే గదా యని నాకు నేను చెప్పికొంటిని. చెప్పికొన్నప్పుడెల్ల నమ్మితిని.

ఇచ్చట కొన్ని యాక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. స్పెర్రీ పరిశోధనలు ప్రసిద్ధికెక్కిన పిమ్మట బజారులో ఒక క్రొత్త మూఢనమ్మకము పుట్టినది. కొందరు ఎడమమెదడువారనియు, వారు లెక్కలకే తగుదురనియు, కొందరు కుడిమెదడువారనియు, వారు కవులనియు పుస్తకములు వెలసినవి. ఆడువారిని ఒక సగమునకును మగవారిని మరియొక సగమునకును పంచి యిచ్చినవారు సయితము కలరు. 2013లో యూటా విశ్వవిద్యాలయమువారు వేయిమందికి పైగా మెదడులను యంత్రములతో పరిశీలించి, మనుష్యులిట్లు రెండుతెగలుగా లేరని తేల్చిరి. కొన్ని పనులు ఒకవైపున హెచ్చుగా జరుగుట నిజము. కాని వంతెన చెడనివారిలో రెండు సగములును కలిసియే పనిచేయును. ఎడమచేతివాటముగల పిల్లలను తెలివితక్కువవారుగా చూచుటకును ఈ శాస్త్రములో ఆధారము లేదు. నూటికి సుమారు పదిమంది అట్టివారు; వారిలో నూటికి డెబ్బదిమందికి మాట ఎడమ అర్ధగోళముననే యున్నది. ఆ చేతిపై గరిటెతో కొట్టుట మెదడును దిద్దుట కాదు.

మరియొక యాక్షేపణ. మాటపోయినవారందరికిని గ్రహణశక్తి నిలిచియుండునా? ఉండదు. 1874లో కార్ల్ వెర్నికే వర్ణించిన రోగులు ధారాళముగా మాటలాడుదురు. ఎదుటివారి మాటను గ్రహింపలేరు. అనగా మాట యున్నంతమాత్రమున గ్రహణమున్నదనియు చెప్పరాదు. లేనంతమాత్రమున లేదనియు చెప్పరాదు. ఖండితమైన మెదడులో నిజముగా రెండు మనస్సులున్నవాయన్నదియు ఇప్పటికిని వివాదాంశమే. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2017లో ఇద్దరు రోగులను పరీక్షించి, చూపు రెండుగా చీలినను ఎరుక ఒక్కటిగనే యుండవచ్చునని వాదించిరి. ఈ వివాదము తేలువరకు మన ధర్మము ఆగవలసిన పనిలేదు. తెలియనప్పుడు లేదనుకొనుటకంటె ఉన్నదేమోయని పరీక్షించుట న్యాయము.

స్పెర్రీ తన యుత్తరజీవితమును ఈ ధర్మవిచారముననే గడపెను. 1965 మొదలుకొని వ్రాసిన వ్యాసములలోను, 1983లో వెలువడిన "శాస్త్రము, నైతిక ప్రాధాన్యము" అను నర్థముగల గ్రంథమునను అతడు చెప్పినదిది: మనస్సు మెదడునుండియే పుట్టును, కాని పుట్టిన పిమ్మట అది మెదడును నడపును. దొర్లుచున్న చక్రములోని అణువులన్నియు చక్రపుత్రోవనే పోవునట్లు, మనము గొప్పవిగా నెంచిన విలువలు మనయందలి నరములను తమ త్రోవను నడపును. కావున న్యాయము, దయ మొదలగునవి నీడలు కావు. లోకమును కదల్చు కారణములు. తోటిశాస్త్రజ్ఞులనేకులు దీని నంగీకరింపలేదు. విలువలను శాస్త్రమునుండియే రాబట్టవచ్చునను అతని యాశ నాకును అత్యాశగా తోచుచున్నది. మేనత్త చేతిని పట్టుకొనరాదని తెలిసికొనుటకు నాకు పిల్లుల మెదడుతో పనిలేదు. కాని శాస్త్రము ఒకటి చేయగలదు. "ఆమెకేమి తెలియును" అను సాకును మననుండి లాగివేయగలదు. సాకు పోయిన పిమ్మట మిగులునది మన తప్పు మాత్రమే. స్పెర్రీ 1994లో మరణించెను.

ఇంట మాటపోయినవారున్నప్పుడు చేయదగిన పనులు కష్టమైనవి కావు. వారి కన్నులకెదురుగా కూర్చుండవలెను. ఒక్కొక్క ప్రశ్ననే, తలయూపుతోనో వ్రేలితోనో బదులు చెప్పదగినట్లు అడుగవలెను. జవాబు మనకు తెలిసిన ప్రశ్నలను ముందడిగి, వారి గ్రహణమును నిజాయితీతో పరీక్షింపవలెను. తొందరపెట్టక వేచియుండవలెను. వైద్యుడడిగిన ప్రశ్నకు వారి ముఖమువైపు చూచి గాని మనము నోరు విప్పరాదు. చేయి వెనుకకు తీసికొన్నచో అదియు నొక జవాబేయని యెరుగవలెను. ఆరోగ్యముగానుండియు మాటలాడుట కలవాటుపడనివారు మన యిండ్లలో ఇంకను కలరు. వారి విషయమునను ఇదే వరుస.

మా మేనత్త అటుపిమ్మట తొమ్మిదినెలలు బ్రతికినది. ఆ భూమిలో క్రొత్తవారు నాట్లు వేసిరి. నేను సెలవులకు వచ్చి మంచము ప్రక్కన కూర్చున్నప్పుడెల్ల ఎడమచేయి చాచి నా తల నిమిరెడిది. దానికి అర్థమేమో నేను చెప్పబోను. ఆమె తరఫున మాటలాడుట మా యింట అంతకుముందే చాలినంత జరిగినది.